గోరువెచ్చని నీళ్ళు

పోయిన వేసవిలో నా పళ్ళు జివ్వుమనడం మొదలైనప్పుడు అది పళ్ళ సంగతేననుకున్నాను.

నేను మా లంకలో అంగన్‌వాడీ టీచర్ని. పన్నెండేళ్ళవుతోంది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక బడిలో కొత్త కుండ పెట్టించాం. మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్ళకు పంపించేసి, గ్లాసుతో నీళ్ళు ముంచుకుని నోట్లో పోసుకున్నానో లేదో, కింది పళ్ళలోకి ఎవరో సూదులు దించినట్టయింది. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. గిన్నెలు కడుగుతున్న ఆయా దానమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏంటండీ టీచరుగారూ, అలాగయిపోయారు?"

"పన్ను దానమ్మా. పుచ్చిందేమో."

"లవంగం నొక్కిపెట్టుకోండి. సాయంత్రానికి తగ్గిపోద్ది."

తగ్గలేదు. మెత్తటి బ్రష్షు కొన్నాను. మా ఆయన జగదీష్ ఆకివీడు వెళ్ళినప్పుడు పళ్ళు జివ్వుమనకుండా ఉండే పేస్టు తెచ్చిచ్చారు. నిమ్మకాయ, చింతపండు మానేశాను. అంత ఎండల్లో అందరూ ఐసు వేసుకుని మజ్జిగ తాగుతుంటే, నేను పొయ్యి మీద నీళ్ళు గోరువెచ్చగా చేసుకుని తాగేదాన్ని. తాగకుండా ఉందామంటే దాహం. అంతకుముందెన్నడూ ఎరగని దాహం. చెంబెడు తాగిన పది నిమిషాలకే నాలుక పిడచకట్టుకుపోయేది. తాగిన ప్రతిసారీ నొప్పి, నొప్పి తగ్గేలోపు మళ్ళీ దాహం.

ఒంట్లో సత్తువ పోయింది. పిల్లలకి పాట చెబుతూ మధ్యలో మాట మరిచిపోయేదాన్ని. ఎముకలు బలహీనపడ్డాయనుకుని మందుల షాపులో కాల్షియం మాత్రలు కొనుక్కుని, రోజుకు రెండు చొప్పున వేసుకోవడం మొదలుపెట్టాను. పళ్ళకీ ఎముకలకీ అదే మంచిదని పన్నెండేళ్ళుగా ఊళ్ళో ప్రతి గర్భిణికీ చెబుతున్నదాన్ని కదా.

ఏప్రిల్లో అమ్మ కనబడింది.

మిట్టమధ్యాహ్నం. మా ఆయనకి అన్నం క్యారేజీ పట్టుకుని చేపల చెరువు గట్టు మీద నడుస్తున్నాను. కరెంటు పోయి, నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగిపోయాయి. నీళ్ళ మీద చిన్న కదలిక కూడా లేదు. గట్టు చివర మేత బస్తాలు పెట్టుకునే పాక నీడలో అమ్మ కూర్చుని ఉంది. ఆకుపచ్చ గళ్ళ చీర. కుడి చెంప అరచేతిలో పెట్టుకుని, పన్ను సలిపినప్పుడు కూర్చునేటట్టే కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ బస్తాలే ఉన్నాయి.

నాలుగు రోజుల తరువాత మళ్ళీ కనబడింది. ఆ తరువాత బడి గుమ్మంలో ఒకసారి. మొహం నావైపు తిప్పేది కాదు. నాకు భయం వేయలేదు. సిగ్గేసింది. అమ్మ పోయి ఇరవైమూడేళ్ళు. పోయే ముందు తనూ ఇలాగే, చనిపోయిన మా అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చుంటోందని చెప్పేది. చచ్చిపోయినవాళ్ళు కనబడుతున్నారని చెప్పిన ఆడమనిషిని మా ఇంట్లో ఏం చేశారో నాకు తెలుసు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

మే మొదటి వారంలో కింది పన్ను ఒకటి నాలుకతో తోస్తే కదిలింది. ఇంక మా ఆయన ఊరుకోలేదు. బండి మీద ఎక్కించుకుని ఆకివీడులో పళ్ళ డాక్టరు షారోన్‌గారి దగ్గరికి తీసుకెళ్ళారు. చిన్నావిడ, ముప్పై కూడా ఉండవు. ఒక్కొక్క పన్నూ తట్టి చూసింది, గాలి ఊది చూసింది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"పుచ్చు ఎక్కడా లేదండీ," అంది. "చిగుళ్ళు కూడా బాగానే ఉన్నాయి. మరి పన్నెందుకు కదులుతోంది?"

నోరంతా పడేలా ఎక్స్‌రే తీసింది. తెర మీద నా దవడ కనబడింది. చాలాసేపు చూసింది. వేరే ఎవరిదో ఎక్స్‌రే పక్కన పెట్టి నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇక్కడ చూడండి. పంటి వేరు చుట్టూ సన్నటి తెల్ల గీత ఉండాలి. వీళ్ళకుంది, మీకు చెరిగిపోయింది. దవడ ఎముక కూడా పల్చబడింది. మీకెప్పుడైనా కిడ్నీలో రాళ్ళు వచ్చాయాండీ?"

"రెండేళ్ళ కిందట తీయించుకున్నానండీ."

"దాహం ఎక్కువా?"

నేను తలెత్తి ఆవిణ్ణి చూశాను. పళ్ళ డాక్టరుకి దాహం సంగతెలా తెలిసిందో అర్థం కాలేదు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందాండీ? అమ్మగారికి?"

"మా అమ్మకీ పళ్ళు జివ్వుమనేవండీ. నలభై దాటకుండానే ఐదారు ఊడిపోయాయి. ఒకసారి దోనె పడవ దిగుతూ చెయ్యి విరిగింది. ఆ తరువాత..." ఆగిపోయాను. "ఆ తరువాత మతి చలించింది."

షారోన్ కలం తీసుకుంది. చీటీ మీద రెండు రక్తపరీక్షలు రాసింది. వాడుతున్న మందులేమిటని అడిగితే కాల్షియం మాత్రల సంగతి చెప్పాను.

"అవి మాత్రం ఇవాళ్టి నుంచి ఆపేయండి," అంది.

ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద మా ఆయన ఏదో మాట్లాడుతూనే ఉన్నారు. నాకొక్కటీ ఎక్కలేదు. నా పదహారో ఏట ఒక గిన్నెలో పాలు, అరచేతిలో రెండు తెల్ల మాత్రలు పెట్టుకుని అమ్మ ముందు నిలబడడం ఒక్కటే కళ్ళలో ఉంది. చెయ్యి విరిగినప్పుడు ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు, ఎముక అతకాలంటే వేసుకోవాలని చెప్పిన కాల్షియం మాత్రలు. ఒక్క పూట కూడా మానకుండా నాలుగు నెలలు వేశాను. నాన్న అప్పటికి లేరు. అమ్మని చూసుకునేది నేనే. ఎంత బాగా చూసుకుంటోందోనని ఊరంతా అనేవారు.

రిపోర్టు వచ్చింది. పదిన్నర దాటకూడని కాల్షియం నాకు పదమూడు పాయింటు ఆరు ఉంది. ఏలూరులో హార్మోన్ల డాక్టరుగారికి చూపించుకున్నాం. పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడేది. కాగితం మీద గొంతు బొమ్మ గీసి, వెనక నాలుగు చుక్కలు పెట్టింది.

"థైరాయిడ్ వెనక పెసరగింజంత గ్రంథులు నాలుగుంటాయమ్మా. పారాథైరాయిడ్ అంటాం. రక్తంలో కాల్షియం ఎంతుండాలో చూసేవి ఇవే. మీకు అందులో రెండు పెరిగిపోయాయి. అవసరం లేకపోయినా ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తున్నాయి. అందుకే రాళ్ళు, అందుకే పళ్ళు, అందుకే ఈ నీరసం. ఆపరేషన్ చేసి ఆ రెండూ తీసేస్తే సరిపోతుంది."

"మనుషులు కనబడతారాండీ?" అన్నాను.

మా ఆయన నావైపు తిరిగి చూశారు.

"కాల్షియం బాగా పెరిగిపోతే ఆలోచన తప్పుతుంది. లేనివాళ్ళు కనబడొచ్చు. మీకు కనబడుతున్నారా?"

"మా అమ్మకి కనబడేవారు."

ఆవిడ కలం కింద పెట్టింది. అమ్మ గురించి అడిగినవన్నీ చెప్పాను. మాత్రల సంగతి కూడా చెప్పాను. అమ్మకీ ఇదే అయి ఉంటుందని, ఇది ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి రావచ్చని అంది.

"ఆ మాత్రల వల్లే పోయారని అనుకోకండి. అసలు జబ్బు గొంతులో ఉంది. రక్తం పరీక్ష చేస్తేగాని డాక్టర్లకే తెలియదు. మీకప్పుడు పదహారేళ్ళు కదమ్మా." తరువాత నా రిపోర్టు మళ్ళీ చూసి అంది. "మీరు ఇన్ని నీళ్ళు తాగుతున్నారు కాబట్టే నిలబడ్డారు. ఈ జబ్బులో మొదటి మందు నీళ్ళే. నీళ్ళు తగ్గితే కాల్షియం ఇంకా పైకి పోతుంది. మనిషి మత్తులోకి వెళ్ళిపోతారు."

"నీళ్ళివ్వకపోతే ఎన్నాళ్ళు బతుకుతారండీ?"

"ఎవరికమ్మా?"

నేను కుర్చీలోంచి లేచాను.

అన్నయ్యకి ఫోన్లో చెప్పే మాట కాదది. మర్నాడే తాడేపల్లిగూడెం వెళ్ళాను. మా అన్నయ్య సోమరాజు అక్కడ ఉల్లిపాయల మార్కెట్లో ఒక కొట్లో గుమస్తా. నాకంటే ఆరేళ్ళు పెద్ద. అమ్మ పోయిన ఏడాదే లంక వదిలి వెళ్ళిపోయాడు. నా పెళ్ళికి వచ్చాడు, మా అమ్మాయి రమ్యశ్రీ పుట్టినప్పుడు వచ్చాడు, ఎప్పుడొచ్చినా సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. అమ్మ పేరు మా మధ్య వచ్చేది కాదు.

నన్ను చూసి గబగబా బస్తాల మధ్య నుంచి వచ్చాడు. "ఇంత ఎండలో ఏంటే లక్ష్మీ! ఫోను చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా?" అంటూ బెంచీ మీద కూర్చోబెట్టి రెండు కూల్‌డ్రింకులు తెప్పించాడు. నేను నాది తాగలేదు. చేతిలో పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి గమనించాను. తనూ తాగలేదు. సీసా ఎండ పడేచోట పెట్టి, చల్లదనం పోయేదాకా చూస్తున్నాడు.

"నీకూ గుచ్చుతోందా?" అన్నాను.

"ఏంటి?"

"పళ్ళు."

సీసా తీసి ఇవతల పెట్టాడు. "వయసు మీద పడుతోంది కదా."

నలభై అయిదేళ్ళు అన్నయ్యకి. పై వరసలో నాలుగు కట్టుడు పళ్ళు. నేను రిపోర్టు తీసి చూపించాను. డాక్టరుగారు చెప్పిందంతా చెప్పాను. చివరకి, "అమ్మకొచ్చింది జబ్బన్నయ్యా. గాలి కాదు," అన్నాను.

అటూ ఇటూ చూశాడు. పక్కన కూలీలు బస్తాలు కుడుతున్నారు. "ఇక్కడా మాట్లాడేది?"

"నువ్వూ పరీక్ష చేయించుకోవాలట. నీకు రెండుసార్లు రాళ్ళు పడ్డాయి. పళ్ళు చూస్తే..."

"లక్ష్మీ." గొంతు బాగా తగ్గించాడు. "ఆ భూతవైద్యుడు గాలన్నాడు. ఊరంతా గాలే అంది. నువ్వూ అన్నావు. ఇవాళొచ్చి జబ్బంటున్నావు. సరే, జబ్బే. నన్నిప్పుడేం చెయ్యమంటావు? చెప్పు."

నేను రిపోర్టు మడతపెట్టి సంచీలో పెట్టుకున్నాను.

ఆ సంగతి ఇది. అమ్మ ఇల్లు వదిలి కిక్కిస గడ్డి పొదల్లోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాక, మెట్ట వైపు నుంచి భూతవైద్యుణ్ణి ఒకణ్ణి పిలిపించారు. పదకొండు రోజులు వలల గదిలో పెట్టి తాళం వెయ్యమన్నాడు. రోజుకి ఒక్క గ్లాసు నీళ్ళు, పిడికెడు అన్నం. నీళ్ళు ఎక్కువిస్తే పట్టినది వదలదన్నాడు. తాళం చెవి అన్నయ్య దగ్గరుండేది. ఇరవై రెండేళ్ళవాడు. అమ్మని బాగుచేసుకోవాలనే చేశాడు. మాత్రలు మాత్రం వెయ్యొచ్చని భూతవైద్యుడే అన్నాడు కాబట్టి, అన్నయ్య తలుపు తీసినప్పుడు పూటపూటకీ నేను వేసేదాన్ని. పదో రోజు నుంచి అమ్మ మాట్లాడలేదు. పదకొండో రోజు తలుపు తీసేసరికి ప్రాణం లేదు.

అన్నయ్య నన్ను స్టేషన్ దాకా ఆటోలో దింపి, కాళ్ళ దగ్గర ఉల్లిపాయల సంచీ ఒకటి పెట్టి వెళ్ళిపోయాడు. రైలు కదిలేదాకా ఉండలేదు.

జూన్ రెండో వారంలో ఏలూరులో నాకు ఆపరేషన్ అయింది. మా ఆయన, రమ్యశ్రీ నా దగ్గరే ఉన్నారు. రమ్యశ్రీ ఇంటర్ మొదటి ఏడాది పూర్తిచేసింది. మొదటి రోజు బాగానే ఉన్నాను. రెండో రోజు మధ్యాహ్నం పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది. కాసేపటికి చేతివేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయాయి, ఎంత లాగినా తెరుచుకోవు. నర్సులు పరుగెత్తుకొచ్చి సెలైన్లో కాల్షియం ఎక్కించారు. డాక్టరుగారు వచ్చి చెప్పింది.

"ఇది అనుకున్నదేనమ్మా. ఇన్నేళ్ళుగా పోగొట్టుకున్న కాల్షియాన్ని ఎముకలు ఇప్పుడు ఒక్కసారిగా తీసేసుకుంటున్నాయి. రక్తంలో తగ్గిపోతుంది. కొన్నాళ్ళు మీరే మాత్రలు వేసుకోవాలి. తప్పకుండా వేసుకోవాలి."

నర్సు ఇచ్చిన చిన్న గిన్నెలో చూశాను. తెల్లగా, పొడుగ్గా, మధ్యలో గీత. ఆ మాత్రే. ఇరవైమూడేళ్ళలో పేరు మారిందేమో, రూపం మారలేదు.

నోట్లో వేసుకుని బుగ్గన పెట్టాను. నర్సు అటు తిరగగానే రుమాల్లోకి ఉమ్మేశాను. సాయంత్రం కూడా అలాగే చేశాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ పెదవులు తిమ్మిరెక్కడం మొదలైంది. మా ఆయన మందులు తేవడానికి కిందికి వెళ్ళారు. రమ్యశ్రీ నా తలగడ సర్దుతూ రుమాలు తీసి చూసింది.

"అమ్మా, ఇవి నువ్వు మింగలేదు."

"మింగలేనే."

"గొంతు నొప్పా?"

కాదన్నాను. డాక్టరుగారి ముందు తప్ప ఎక్కడా అనని మాట, నా కూతురికి ఆ పూట చెప్పాను. పాలు, మాత్రలు, నాలుగు నెలలు. వలల గది గురించి కూడా చెప్పాను, కొంచెం. అది నా మంచం అంచున కూర్చుని వింది. కళ్ళు తుడుచుకోలేదు, నన్ను ఓదార్చలేదు. రుమాలు మడుస్తూ అడిగింది.

"అమ్మమ్మ నువ్విస్తే మింగేదా?"

"నేనిస్తేనే మింగేది. ఇంకెవరిచ్చినా ఉమ్మేసేది."

"ఎందుకు?"

నేనెప్పుడూ ఆలోచించని మాట. "నన్ను నమ్మింది కదా," అన్నాను.

రమ్యశ్రీ లేచి ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు వంచి, చల్లనీళ్ళు కలిపి, తన వేలు ముంచి చూసుకుంది. రెండు మాత్రలు అరచేతిలో పెట్టుకుని నా ముందు నిలబడింది. పదహారేళ్ళ పిల్ల. నేను మింగాను.

ఆ వారంలోనే దాని రక్తం కూడా పరీక్ష చేశారు. మామూలుగానే ఉంది. ఏడాదికోసారి చూపించమన్నారు.

జులై నాటికి ఇంటి పనులు చేసుకుంటున్నాను. దాహం పోయింది. కదిలిన పన్ను నిలవలేదు, షారోన్ తీసేసింది. "మిగతావి నిలుస్తాయండీ. ఎముక మళ్ళీ గట్టిపడాలి, టైము పడుతుంది. ఆ పేస్టు మానకండి, గట్టిగా తోమకండి," అంది. పిల్లల పాటలు మళ్ళీ గుర్తొచ్చాయి. క్యారేజీ పట్టుకుని గట్టు మీద వెళ్ళినప్పుడల్లా పాక నీడలోకి చూసేదాన్ని. అమ్మ రావడం మానేసింది. జబ్బుతో పాటు అదీ పోతుందని నాకెవరూ చెప్పలేదు. ఒక్కసారైనా మొహం చూపిస్తే బాగుండేది. వర్షాలు మొదలయ్యాక కూడా కొన్నాళ్ళు, గొడుగు వేసుకుని అక్కడ నిలబడి వచ్చేదాన్ని.

ఆ వర్షాల్లోనే ఒక సోమవారం పొద్దున్న అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఏలూరులో ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు?"

నేను వెళ్ళేసరికి బస్టాండులో తడిసిపోయి నిలబడి ఉన్నాడు. మూడోసారి రాయి పడిందట. వదిన పోరిందట. ల్యాబులో కంప్యూటర్ ముందున్న అమ్మాయి పేరు, వయసు అడిగి, "ఇంట్లో ఇంకెవరికైనా ఈ సమస్య ఉందాండీ?" అంది.

"మా చెల్లెలికుంది," అన్నాడు.

"ఇంకెవరికైనా?"

అన్నయ్య కౌంటరు బల్ల అంచు పట్టుకున్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు ముందుకు జరుగుతున్నారు.

"మా అమ్మకి," అన్నాడు. "మా అమ్మకి జబ్బు చేసిందండీ. మాకు తెలీలేదు."

ఆ అమ్మాయి ఏదో టైపు చేసుకుని, లోపలికి వెళ్ళి చొక్కా చెయ్యి పైకి మడుచుకోమంది.

రిపోర్టు సాయంత్రానికి గాని రాదన్నారు. రోడ్డు అవతల టీకొట్టు రేకుల కింద నిలబడ్డాం. అన్నయ్య టీ చల్లారేదాకా గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు. వాన రేకుల మీద గట్టిగా పడుతోంది.

"లక్ష్మీ, ఒకటి అడుగుతాను. నిజం చెప్పు."

"అడుగు."

"నేను చేలోకి వెళ్ళినప్పుడు నువ్వు ఇంటి దగ్గరే ఉండేదానివి. ఆ గదికి వెనక చిన్న కిటికీ ఉండేది కదా." గ్లాసు వైపే చూస్తున్నాడు. "అమ్మకి నీళ్ళేమన్నా ఇచ్చావా? నాకు తెలీకుండా?"

"ఇచ్చానన్నయ్యా."

"ఎప్పుడెప్పుడు?"

"రోజూ. నువ్వు వెళ్ళగానే. చెంబుతో ఇచ్చేదాన్ని. మొత్తం తాగేసేది."

అన్నయ్య తలాడించాడు. మళ్ళీ మళ్ళీ తలాడించాడు. చొక్కా చేతితో మొహమంతా తుడుచుకుని, "మంచి పని చేశావే. మంచి పని చేశావు," అన్నాడు. అప్పుడు టీ తాగాడు.

నేనిచ్చింది రెండే రెండుసార్లు. మూడో రోజు కిటికీ ఊచల్లోంచి అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అమ్మ చెయ్యేనని తెలుసు. అయినా, పట్టినది నన్నూ పట్టేస్తుందని విదిలించుకుని పారిపోయాను. ఆ తరువాత అమ్మ నన్ను పేరు పెట్టి పిలుస్తుంటే, రేడియో పెద్దది చేసుకుని వంటింట్లో కూర్చున్నాను. పిలవడం మానేసేదాకా.

రిపోర్టులో అన్నయ్యకి పన్నెండు పాయింటు తొమ్మిది వచ్చింది. వచ్చే వారం డాక్టరుగారి దగ్గరికి ఇద్దరం కలిసి వెళదామనుకున్నాం. ఆ పూటకి మా ఇంటికి వస్తానన్నాడు. ఆకివీడు బస్సులో నాకు కిటికీ పక్క సీటిచ్చి, తను ఇవతల కూర్చున్నాడు. కైకలూరు దాటినా అమ్మ గురించే మాట్లాడుతున్నాడు. చేపలు అమ్మి వచ్చేటప్పుడు అమ్మ తనకేం తెచ్చేదో, దోనె మీద ఎలా నిలబడేదో, ఇరవైమూడేళ్ళుగా అనని మాటలన్నీ. మధ్యలో ఆగి, "రోజూ ఇచ్చావు కదా?" అన్నాడు.

ఊఁ అన్నాను.